వెనక నుంచి గుద్దించుకున్న కారు: షోరూమా, మల్టీబ్రాండ్ గ్యారేజీయా, టింకరింగ్ షెడ్డా?

ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు వెళ్తుంటే ఆవు అడ్డొస్తుంది. మీరు బ్రేకు వేస్తారు, వెనక వ్యానువాడికి బ్రేకు అందదు. సాలూరు ఘాటీలోనైతే వంపు దగ్గర లారీ ఆగుతుంది, దాని వెనక మీరు ఆగుతారు, మీ వెనక వచ్చేది ఆగదు. దెబ్బ తగిలిన పది నిమిషాల్లో సలహాలు మొదలవుతాయి. "బంపరే కదా, షెడ్డులో తక్కువలో తేల్చేస్తారు" అని ఒకరు. "ఇన్సూరెన్సు ఉండగా జేబులోంచి ఎందుకు" అని ఇంకొకరు. "వైజాగ్ తీసుకుపో, పని బాగా చేస్తారు" అని మరొకరు. ఏదో ఒక కారుకి మూడూ సరైన సలహాలే. మీ కారుకి ఏది సరిపోతుందో తేల్చేది మాత్రం బంపర్ వెనకున్న ఇనుము. దాన్ని చూడకుండా గ్యారేజీ ఎంచుకోవద్దు, ఎదుటివాడి దగ్గర డబ్బు తీసుకుని రాజీ కాగితం మీద సంతకం పెట్టొద్దు.

రోడ్డు మీద ఉండగానే

ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు 112కి, జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చెయ్యండి. బళ్లు కదపకముందే రెండు నంబరు ప్లేట్లూ, బళ్లు ఆగిన తీరూ, రోడ్డూ ఒకే ఫొటోలో పడేలా తియ్యండి. ఎదుటివాడి ఇన్సూరెన్సు కాగితం, లైసెన్సు కూడా ఫొటో తీసుకోండి. ఆ రోజే మీ ఇన్సూరెన్సు కంపెనీకి సమాచారం ఇవ్వండి. సమాచారం ఇచ్చినంత మాత్రాన క్లెయిమ్ తీసుకున్నట్టు కాదు. డబ్బు చెల్లించక ముందు వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. ఆలస్యమైతే మాత్రం ఎందుకు ఆలస్యమైందో మీరే సంజాయిషీ చెప్పుకోవాలి.

ఒడిశా ఠాణాలో కాగితాలు ఒడియాలో రాస్తారు. ఒడియా మాట్లాడటం వచ్చి చదవడం రాని తెలుగువాళ్లు గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో చాలామంది ఉన్నారు. చదివించుకోకుండా సంతకం పెట్టకండి. ముఖ్యంగా "మాకు ఏ అభ్యంతరమూ లేదు, ఇద్దరం రాజీపడ్డాం" అనే వాక్యం ఉందేమో అడగండి. ఆ తర్వాత నష్టం అడగడానికి అదే అడ్డం పడుతుంది.

ముందు చూసుకోవలసింది: దెబ్బ ఎంత లోపలికి పోయింది

ఇప్పటి కార్ల బంపర్ పైతొడుగు ప్లాస్టిక్‌ది. అది నొక్కుకుపోయి మళ్లీ తన ఆకారానికి వచ్చేస్తుంది. పైన చిన్న గీత తప్ప ఏమీ కనబడదు. దాని వెనక ఇనుప బీమ్ ఉంటుంది. బీమ్ వెనక, చాలా మోడళ్లలో, దెబ్బకి నలిగిపోయేలా చేసిన రెండు చిన్న డబ్బాలుంటాయి. ఆ వెనక డిక్కీ నోటి కింద అడ్డంగా వెల్డయి ఉండే బ్యాక్ ప్యానెల్, తర్వాత స్టెప్నీ కూర్చునే డిక్కీ నేల, దాని కింద రెండు పక్కలా కారు పొడవునా సాగే ఛాసిస్ కాళ్లు. దెబ్బ ఈ వరసలోనే లోపలికి పోతుంది.

ఏమీ విప్పకుండానే మీరు చూడగలిగినవి ఉన్నాయి. డిక్కీ మూత మూసి, రెండు పక్కలా సందు సమానంగా ఉందో లేదో చూడండి. స్టెప్నీ తీసి, కార్పెట్ ఎత్తి, నేల రేకులో మడత గానీ, కీళ్ల దగ్గర పూసిన సీలెంట్ లో పగులు గానీ ఉందేమో చూడండి. సీలెంట్ పగిలిందంటే రేకు కదిలిందని అర్థం. వెనక తలుపులు ఎప్పటిలాగే పడుతున్నాయా? సైలెన్సర్ వేలాడే రబ్బర్లు ఊడాయా, గొట్టం ముందుకు జరిగి దేనికైనా తగులుతోందా? ముందున్న బండికి కూడా తగిలి ఉంటే బానెట్ కింద రేడియేటర్, ఏసీ కండెన్సర్ చూడండి. కండెన్సర్‌కి సన్నని చీలిక వస్తే వారం తర్వాత ఏసీ చల్లదనం తగ్గే దాకా తెలియదు.

దీన్నిబట్టి దెబ్బలు మూడు రకాలు. మొదటిది: బంపర్ తొడుగు, లైటు, సెన్సర్ వరకే. రెండోది: బోల్టులతో ఊడేవన్నీ పోయాయి, అంటే బీమ్, డిక్కీ మూత కూడా. మూడోది: వెల్డయి ఉన్నవి కదిలాయి, అంటే బ్యాక్ ప్యానెల్, డిక్కీ నేల, క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం పైనుండే పక్క రేకు), ఛాసిస్ కాలు. మొదటి రకానికి ఎక్కడైనా పని జరుగుతుంది. మూడో రకానికి కొలిచి లాగే బెంచీ (కారుని బిగించి, కొలతలు చూస్తూ వంగిన ఛాసిస్‌ని లాగి సరిచేసే యంత్రం) ఉన్నచోట తప్ప జరగదు. రెండో రకం దగ్గరే అసలు ఎంపిక ఉంది.

| చూసుకోవలసింది | కంపెనీ షోరూం | మల్టీబ్రాండ్ గ్యారేజీ | టింకరింగ్ షెడ్డు |
|---|---|---|---|
| మొదటి రకం దెబ్బ | చేస్తారు, ఖర్చు ఎక్కువ | సరిపోతుంది | సరిపోతుంది |
| రెండో రకం | నమ్మకం | పార్టులు ఎవరివో అడిగితే సరిపోతుంది | పెయింటు దగ్గర అనుమానం |
| మూడో రకం | బెంచీ ఉంటేనే | బెంచీ ఉంటేనే | వద్దు |
| క్యాష్‌లెస్ (ఇన్సూరెన్సు కంపెనీ తన వాటా నేరుగా గ్యారేజీకే కట్టడం) | సాధారణంగా ఉంటుంది | కొన్ని కంపెనీలకే | ఉండదు |
| పార్టులు | ఒరిజినల్ | ఒరిజినల్, డూప్లికేట్ రెండూ | ఎక్కువగా డూప్లికేట్, పాతవి |
| సమయం | పార్టు, సర్వేయర్ (నష్టం అంచనా వేసే ఇన్సూరెన్సు మనిషి), మీ వంతు: మూడూ కలిసిరావాలి | మధ్యస్థం | త్వరగా |
| జీఎస్టీ బిల్లు | ఉంటుంది | ఉంటుంది, అడగాలి | చాలాచోట్ల ఉండదు |

కంపెనీ షోరూం

బోర్డు చూసి నమ్మకండి. కొరాపుట్, రాయగడ వైపు కంపెనీ పేరున్న సర్వీస్ సెంటర్లలో ఆయిలు మార్చేవే ఎక్కువ. ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: మీ దగ్గర పెయింటు బూతు (రంగు కొట్టి వేడితో ఆరబెట్టే మూసిన గది) ఉందా, ఛాసిస్ లాగే బెంచీ ఉందా, నా ఇన్సూరెన్సు కంపెనీకి క్యాష్‌లెస్ ఉందా? బూతు లేకపోతే వాళ్లు మీ కారుని ఇంకో ఊళ్లోని తమ బాడీషాపుకి పంపిస్తారు, లేదా పక్కనున్న షెడ్డుకే ఇస్తారు. అలాంటప్పుడు బరంపురం గానీ విశాఖ గానీ మీరే నేరుగా తీసుకెళ్లడం మేలు.

షోరూం బలం పార్టుల్లో, కొలతల్లో ఉంది. బీమ్, ఛాసిస్ కాళ్లు గట్టి ఉక్కుతో చేస్తారు. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి సాగదీస్తే ఆ ఉక్కు మెత్తబడిపోతుంది. చూడ్డానికి నిటారుగా ఉంటుంది, రెండోసారి దెబ్బ తగిలితే కాగితంలా మడతపడుతుంది. వంగిన బీమ్‌ని మార్చాలి గానీ సాపు చెయ్యకూడదు. బ్యాక్ ప్యానెల్ మార్చేటప్పుడు పాత స్పాట్ వెల్డులని ఒక్కొక్కటే డ్రిల్ చేసి విప్పి, కొత్తదాన్ని సీఓటూ వెల్డింగుతో దాదాపు అన్నే చోట్ల అతకాలి. అతికేముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యాలి, లేకపోతే ఎలక్ట్రానిక్ కంట్రోలర్లు దెబ్బతింటాయి. ఆ తర్వాత సీలెంట్, లోపలి ఖాళీల్లో తుప్పు పట్టకుండా మైనం, కింద కోటింగ్. గోపాలపురం, ఛత్రపురం లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో చివరి మూడూ మానేస్తే అతుకు దగ్గరే తుప్పు మొదలవుతుంది.

బలహీనత: రిపేరు చేస్తే సరిపోయేదాన్ని కూడా మార్చేస్తారు. బంపర్ తొడుగు చీలితే ప్లాస్టిక్ వెల్డింగుతో అతకొచ్చు, బిగించే చెవులు విరిగితేనే మార్చాలి. క్యాష్‌లెస్‌లో ఈ తేడా మీకు కనబడదు, కానీ మామూలు పాలసీలో ప్లాస్టిక్‌లో సగం మీరే కట్టాలి కాబట్టి తెలుసుకోండి. మార్చిన పాత పార్టులు చూపించమనండి.

మల్టీబ్రాండ్ గ్యారేజీ

బరంపురం, విశాఖ లాంటి ఊళ్లలో ఏ కంపెనీ కారైనా చేసే, బూతు, కారుని పైకెత్తే టూ-పోస్ట్ లిఫ్టు, కొన్నిచోట్ల బెంచీ కూడా ఉన్న గ్యారేజీలు దొరుకుతాయి. వారంటీ అయిపోయిన, నాలుగైదేళ్లు దాటిన కారుకి, రెండో రకం దెబ్బకి మా ఓటు వీటికే. షరతు ఒక్కటి: ఎస్టిమేట్‌లో ప్రతి పార్టు పక్కన ఒరిజినలా, డూప్లికేటా అని రాయించుకోండి.

డూప్లికేట్ బంపర్ తొడుగు తప్పు కాదు, కానీ కొన్నిటికి సెన్సర్ రంధ్రాల కోణం సరిగా కుదరదు. సెన్సర్ నేలవైపు చూస్తే రివర్సులో ఊరికే అరుస్తుంది. 2019 జులై 1 తర్వాత తయారైన కార్లన్నిటికీ వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి, కాబట్టి కొత్త కార్లలో ఇది మామూలు సమస్య. సెన్సర్ మొహం మీద రంగు మందంగా పడినా అంతే. డూప్లికేట్ బీమ్ మాత్రం ఎంత తక్కువకి వచ్చినా వద్దు. ప్రాణం కాపాడేది అదే.

టింకరింగ్ షెడ్డు

పర్లాకిమిడి, గుణుపురం, జయపురంలో చేతిపని బాగా తెలిసిన డెంటర్లు ఉన్నారు. రంగు లేవకుండా లోపలి నుంచి తోసి సొట్ట తీయగల చెయ్యి షోరూముల్లో కూడా అరుదే. రంగు పగలని, రేకు అంచుని తాకని సొట్టకి అదే ఉత్తమం: రంగు అక్కర్లేదు, ఇన్సూరెన్సూ అక్కర్లేదు.

తేడా వచ్చేది పుట్టీ, రంగుల దగ్గర. రేకుని సాధ్యమైనంత సాపు చేశాక పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లకి మించకూడదు. మందంగా పెడితే ఎండకి రేకు ఒకలా, పుట్టీ ఒకలా సాగి పగులుతుంది. పని అయ్యాక ఫ్రిజ్ మీద అతికించే పల్చని అయస్కాంతం పెట్టి చూడండి: బాగున్న చోట అంటుకుని, సొట్ట తీసిన చోట జారిపోతే లోపల పుట్టీ దిట్టంగా ఉన్నట్టే.

రంగుకి పీయూ (పాలీయురెథేన్) వాడమనండి, హార్డనర్ కలిపేది. చవకగా కొట్టే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు పెట్రోలు చుక్క పడితే మరక పడుతుంది, త్వరగా వెలుస్తుంది. వానాకాలంలో షెడ్డు పెయింటింగు వాయిదా వెయ్యగలిగితే వెయ్యండి. థిన్నర్ ఆరేటప్పుడు రేకు చల్లబడి గాలిలో తేమ రంగు మీద చేరుతుంది, తెల్లని మబ్బులా కమ్ముతుంది. బూతులో దాదాపు 60 డిగ్రీల దగ్గర అరగంట కాల్చి ఆరబెడతారు కాబట్టి ఈ బాధ ఉండదు. ప్లాస్టిక్ బంపర్‌కి ముందు ప్లాస్టిక్ ప్రైమర్ పడాలి. అది లేకపోతే వాటర్ సర్వీసింగులో రంగు పొరలుగా లేచిపోతుంది. రంగు కోడ్ కారు మీదే స్టిక్కర్ మీద ఉంటుంది, డోరు పిల్లర్ దగ్గర గానీ బానెట్ కింద గానీ. దాన్ని చూసి కలపమనండి, కంటి అంచనా వద్దు. మెటాలిక్ రంగైతే పక్క ప్యానెల్ మీదికి కొంచెం వ్యాపించేలా కొడితేనే తేడా తెలియదు.

డబ్బు ఎవరు కట్టాలి

"బంపర్ టు బంపర్" (తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేని మామూలు ఫుల్ ఇన్సూరెన్సులో తరుగు కోత, అంటే పార్టు పాతబడిందని కంపెనీ తగ్గించి మీతో కట్టించేది, ఇలా ఉంటుంది. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ పార్టుల మీద 50 శాతం. గాజు మీద ఏమీ లేదు. ఇనుప పార్టుల మీద కారు వయసుని బట్టి: ఆరు నెలల దాకా సున్నా, ఏడాది దాకా 5, రెండేళ్ల దాకా 10, మూడేళ్ల దాకా 15, నాలుగేళ్ల దాకా 25, ఐదేళ్ల దాకా 35, పదేళ్ల దాకా 40, ఆపైన 50 శాతం. పెయింటింగు బిల్లులో నాలుగో వంతుని సరుకు ఖర్చుగా లెక్కేసి అందులో సగం కోస్తారు. కూలి మీద కోత లేదు. ఇవి కాక 1500 సీసీ దాకా కార్లకి 1,000 రూపాయలు, ఆపైన 2,000 ఎలాగూ మీరే కట్టాలి.

ఊహించుకున్న అంకెలతో ఒక లెక్క: మూడేళ్ల నాలుగు నెలల వయసున్న 1200 సీసీ చిన్నకారు, రెండో రకం దెబ్బ.

| పద్దు | బిల్లు (రూ.) | తరుగు కోత (రూ.) |
|---|---|---|
| బంపర్ తొడుగు | 9,000 | 4,500 |
| డిక్కీ మూత | 16,000 | 4,000 |
| వెనక లైటు | 4,000 | 2,000 |
| పెయింటింగు | 12,000 | 1,500 |
| కూలి | 7,000 | 0 |
| మొత్తం | 48,000 | 12,000 |

మీరు కట్టేది తరుగు 12,000, పైన చెప్పిన 1,000 కలిపి 13,000. ఇన్సూరెన్సు ఇచ్చేది 35,000. ఇక క్లెయిమ్ వేస్తే పోయే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే రాయితీ) లెక్క. ఈ రాయితీ ఓన్ డ్యామేజ్ (మీ కారు నష్టానికి కట్టే) ప్రీమియం మీద ఏడాదికేడాది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది, ఒక్క క్లెయిమ్‌తో సున్నాకి వస్తుంది. ఇప్పుడు 35 శాతంలో ఉన్నారు, రాయితీకి ముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అనుకోండి. క్లెయిమ్ లేకపోతే రాబోయే ఐదేళ్లలో 45, 50, 50, 50, 50. క్లెయిమ్ వేస్తే 0, 20, 25, 35, 45. తేడాలు 45, 30, 25, 15, 5. కలిపి 120 శాతం, అంటే 9,600 రూపాయలు. 35,000 కోసం 9,600 పోగొట్టుకోవడం లాభమే. అదే ఏడెనిమిది వేల బంపర్ పనికి క్లెయిమ్ వెయ్యడం నష్టం. మీ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ప్రొటెక్ట్ (క్లెయిమ్ వేసినా బోనస్ పోకుండా కాపాడే అదనపు కవర్) ఉంటే లెక్క మారుతుంది. "బంపర్ టు బంపర్" ఉన్నవాళ్లకి ఏడాదిలో ఇన్ని క్లెయిములే అనే పరిమితి ఉందేమో చూసుకోవాలి. రిపేరు ఖర్చు కారు ఐడీవీలో (పాలసీలో రాసిన కారు విలువలో) 75 శాతం దాటితే కంపెనీ టోటల్ లాస్‌గా తేలుస్తుంది. అప్పుడు గ్యారేజీ ఎంపిక ప్రశ్నే ఉండదు.

తప్పు వెనకవాడిదైనా మీ పాలసీ వాడితే పోయేది మీ బోనసే. ఇది చాలామందికి మింగుడుపడదు, కానీ నిబంధన అదే. వాడి థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి కట్టేది) నుంచి రాబట్టాలంటే మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌కి వెళ్లాలి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు. ప్రమాదం ఒడిశాలో జరిగినా మీరు ఉండేది శ్రీకాకుళం జిల్లాలోనైతే అక్కడే వేసుకోవచ్చు. చిన్న నష్టానికి లాయరు ఖర్చే ఎక్కువవుతుంది. పెద్ద నష్టం, మీకు థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న కారు: ఈ రెండూ కలిస్తే మాత్రం వదలొద్దు. ఠాణాలో రాయించిన కాగితం అక్కడే పనికొస్తుంది.

పాత గీతలు కూడా ఇదే క్లెయిమ్‌లో కలిపేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. వెనక దెబ్బకీ ముందు తలుపు గీతకీ సంబంధం లేదని సర్వేయర్‌కి చూడగానే తెలుస్తుంది. అసలు క్లెయిమ్ కూడా అనుమానంలో పడుతుంది.

ఎంత దూరం తీసుకెళ్లాలి

జయపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్లకి పైనే, మధ్యలో ఘాటీ. మామూలు ప్రైవేటు కారు పాలసీలో టోయింగుకి ఇచ్చేది 1,500 రూపాయలు. మిగతాది మీదే, లేదా రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే అది ఎంత దూరం దాకా ఇస్తుందో చూడండి. తాడు కట్టి ఘాటీలో లాగించడం మాత్రం వద్దే వద్దు. ఇంజను ఆగిన కారులో బ్రేకు బూస్టరు పనిచెయ్యదు, స్టీరింగు బిగుసుకుపోతుంది, దిగుడులో కారు ముందు బండినే గుద్దుతుంది. ఫ్లాట్‌బెడ్ పిలవండి.

వెనక లైట్లు వెలిగి, టైరు దేనికీ రాసుకోక, సైలెన్సర్ గట్టిగా ఉండి, ఇంధనం వాసన లేకపోతే నడిపి తీసుకెళ్లొచ్చు. సీఎన్‌జీ కారైతే సిలిండరు డిక్కీలోనే ఉంటుంది. వాల్వు మూసి పెట్రోలు మీద నడపండి, సిలిండరునీ దాని పట్టీలనీ అధీకృత ఫిట్టరు చూసే దాకా గ్యాసు నింపొద్దు. ఎలక్ట్రిక్ కారు కింద బ్యాటరీ పెట్టెకి గీత కనబడినా కంపెనీకి తప్ప ఎక్కడికీ వద్దు.

ఎవరికి ఏది

వారంటీలో ఉన్న కారు, "బంపర్ టు బంపర్" పాలసీ: దూరమైనా షోరూమే. ఆరేళ్లు దాటిన కారు, బోల్టుల వరకే దెబ్బ: మల్టీబ్రాండ్, ఒరిజినల్ బీమ్, మిగతావి మీ ఇష్టం. పన్నెండేళ్ల కారుకి బంపర్ చీలితే షెడ్డు చాలు, నగదు ఇచ్చెయ్యండి. రోజూ అద్దెకి తిప్పే టాక్సీవాళ్లకి ఒక్కో రోజు ఆగడమూ ఖర్చే. పార్టు బుక్ చేసి, అది వచ్చాకే కారు ఇవ్వండి, మొదటి రకం దెబ్బైతే. ఏడాదిలో అమ్మేద్దామనుకునేవాళ్లు క్వార్టర్ ప్యానెల్ కోయించకుండా చూసుకోవాలి. రేకు లాగి సాపు చేసిన కారుకంటే కోసి అతికిన కారుకి ధర ఎక్కువ తగ్గుతుంది.

తీసుకునే రోజు

పగటి వెలుతురులో వెళ్లండి. డిక్కీ మూత సందులు రెండు పక్కలా కొలవండి. ఒకరిని లోపల కూర్చోబెట్టి డిక్కీ మీద పైపుతో అయిదు నిమిషాలు నీళ్లు కొట్టించండి, తర్వాత స్టెప్నీ గుంత తడిచిందేమో తడిమి చూడండి. మూడో రకం పని జరిగి ఉంటే బెంచీ కొలతల కాగితం, నాలుగు చక్రాల అలైన్‌మెంట్ కాగితం తీసుకోండి. వెనక చక్రాల కోణం తప్పితే స్టీరింగు తిన్నగా ఉన్నా కారు ఓరగా నడుస్తుంది, టైర్లు ఒకవైపే అరుగుతాయి. వెనక సీటు బెల్టులు పూర్తిగా లాగి వదలండి, చటుక్కున లాగితే పట్టుకోవాలి. ముందు సీట్ల వీపులు, హెడ్‌రెస్టులు ఊగుతున్నాయేమో చూడండి. గుద్దినప్పుడు కారులో పిల్లల సీటు బిగించి ఉంటే, బాగానే కనబడినా కొత్తది కొనండి. రివర్స్ కెమెరా, నాలుగు సెన్సర్లు గోడ దగ్గర పరీక్షించండి. కొత్త రంగు మీద ఒక నెల దాకా వ్యాక్స్ పెట్టొద్దు, లోపలి థిన్నర్ ఇంకా బయటికి పోతూ ఉంటుంది.